తలుపు తీయాల్సింది నేనే

ఈ వేసవిలో మా అమ్మాయి సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్లింది. మా ఆయనది రైల్వే ఉద్యోగం, నెలలో సగం రోజులు నైట్ డ్యూటీలే. నేను రాజమండ్రిలో 9, 10 తరగతుల పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతాను. పరీక్షలు అయిపోయాక జూన్ దాకా పిల్లలెవరూ రారు. అలా దొరికిన ఖాళీ రాత్రుల్లో, బుద్ధెరిగాక మొదటిసారి ఒక హారర్ కంప్యూటర్ గేమ్ మొదలుపెట్టి చివరిదాకా ఆడాను. పేరు ‘అమ్నీషియా: ది డార్క్ డిసెంట్’. స్వీడన్‌కి చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్ అనే చిన్న సంస్థ 2010 సెప్టెంబర్‌లో దీన్ని విడుదల చేసింది. అంటే పాతదే. ఇలాంటి గేమ్‌లు ఆడేవాళ్లకి ఇది కొట్టినపిండి. నాకు మాత్రం అంతా కొత్త.

నాలాంటి కొత్తవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. కథ కొంత చెప్పక తప్పదు కాబట్టి, ఏమీ తెలియకుండా ఆడాలనుకునేవాళ్లు ముందు ఆడి తర్వాత చదవండి.

ఇదంతా మా తమ్ముడి వల్ల. వాడు బెంగళూరులో ఉంటాడు, చిన్నప్పటి నుంచీ గేమ్‌లంటే ప్రాణం. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను ఫోన్‌లో సుడోకు చేసుకుంటుంటే చూసి, “అక్కా, నీకు పజిల్స్ ఇంత ఇష్టమైతే నీకో మంచి గేమ్ పెట్టిస్తా” అని మా అమ్మాయి చదువు కోసం కొన్న ల్యాప్‌టాప్‌లో ఎక్కించి వెళ్లాడు. “కాస్త చీకటిగా ఉంటుంది, అంతే” అన్నాడు. ఆ ‘అంతే’లో ఏముందో మే నెల మొదటి వారంలో తెలిసింది.

టీవీలో దెయ్యం సినిమా వస్తే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. పోనీ కూర్చున్నా, భయపెట్టే చోట కళ్లు మూసుకుంటాను. ఆ సీను దానంతటదే దాటిపోతుంది, పక్కనున్నవాళ్లు “అయిపోయింది, చూడు” అంటారు, మళ్లీ చూస్తాను. భయమంటే నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఈ గేమ్‌లో ఆ పద్ధతి పనికిరాదని మొదటి రాత్రే అర్థమైంది. నేను కళ్లు మూసుకుంటే ఏదీ దాటిపోదు. గేమ్‌లో నేను ఆడించే మనిషి ఆ చీకటి వరండాలో అక్కడే నిలబడి ఉంటాడు. నేను కదిలిస్తేనే కదులుతాడు.

మొదలుపెట్టగానే స్క్రీన్ మీద కొన్ని మాటలు వస్తాయి. గెలవడం కోసం ఆడకండి, ఆ లోకంలో, ఆ కథలో లీనమవడం మీద మనసు పెట్టండి అని వాటి సారాంశం. సేవ్ చేసుకోవడం గురించి బెంగ వద్దు, గేమే చూసుకుంటుందని కూడా చెబుతారు. తర్వాత వెలుతురు సరిచేసుకునే స్క్రీన్. అక్కడ కనిపించే బొమ్మ కనీకనిపించనట్టు ఉండేలా పెట్టుకోవాలి. నేను హాల్లో ట్యూబ్‌లైట్ వేసుకుని కూర్చున్నాను కాబట్టి బొమ్మ బాగా కనపడేదాకా పెంచేశాను. తర్వాత తమ్ముడు ఫోన్‌లో చెప్పి మళ్లీ తగ్గించుకునేలా చేశాడు. అలా పెంచేస్తే చీకటి కాస్తా బూడిదరంగు అవుతుంది, గోడలు అట్టముక్కల్లా కనపడతాయి. ఈ గేమ్‌కి చీకటే ప్రాణం, దాన్ని చెడగొట్టుకోకండి. ఇంకొక్కటి, ల్యాప్‌టాప్ మీదుండే టచ్‌ప్యాడ్‌తో ఆడొద్దు. మౌస్ కావాలి. ఎందుకో తలుపుల సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

కథ 1839 ఆగస్టులో మొదలవుతుంది. ప్రష్యా అనే పాత జర్మన్ రాజ్యపు అడవుల్లో బ్రెన్నెన్‌బర్గ్ అనే కోట. లండన్‌కి చెందిన డేనియల్ అనే యువకుడు ఆ కోటలో నేల మీద స్పృహ వచ్చి లేస్తాడు. తన పేరు, ఊరు తప్ప దాదాపు ఏదీ గుర్తులేదు. బయట వాన. నేల మీద ఏదో ద్రవం ఒలికిన జాడ. దాన్ని పట్టుకుని వెళ్తే ఒక ఉత్తరం దొరుకుతుంది. రాసింది డేనియలే, తనకి తానే. జ్ఞాపకం పోవడానికి మందు తానే కావాలని తాగానని, కోట లోపలి భాగంలో అలెగ్జాండర్ అనే ముసలాయన ఉన్నాడని, ఆయన్ని వెతికి చంపమని అందులో ఉంటుంది. చివర్లో, ఒక నీడ నిన్ను వెంటాడుతోంది, దాన్ని ఎదిరించే దారి లేదు, వీలైనంత కాలం తప్పించుకుంటూ పో అని ఉంటుంది.

ఇక్కడిదాకా రావడానికి అరగంట పట్టి ఉంటుంది. ఈ అరగంటలో నా మీదకి ఏదీ రాలేదు. గాలికి ఒక తలుపు తెరుచుకుంది, కొవ్వొత్తులు ఆరిపోయాయి, పైన ఎక్కడో ఎవరో నడిచినట్టు చెక్క కిర్రుమంది. అంతే. అయినా నా అరచేతులు తడిసిపోయాయి. లేచి ల్యాప్‌టాప్ మూసేసి, ఇంటి తలుపు గడియ సరిగా పడిందో లేదో చూసుకుని పడుకున్నాను.

తలుపుల సంగతి. నాకు తెలిసిన ఫోన్ గేమ్‌లలో తలుపు మీద నొక్కితే తెరుచుకుంటుంది. ఇందులో అలా కాదు. మౌస్ బటన్ నొక్కిపట్టి, చేతిని ముందుకు తోస్తే తలుపు అంత మేర తెరుచుకుంటుంది, వెనక్కి లాగితే అంత మేర మూసుకుంటుంది. అంగుళం తోస్తే అంగుళం. నెమ్మదిగా తోస్తే నెమ్మదిగా, విసురుగా తోస్తే గోడకి కొట్టుకుని పెద్ద చప్పుడు. సొరుగులూ, అల్మారాలూ, మీటలూ, చక్రాలూ అన్నీ ఇంతే. చెప్పడానికి చిన్న విషయం. కానీ తలుపవతల ఏదో ఉందని అనుమానం ఉన్నప్పుడు, ఆ తలుపుని వేలెడంత సందు మాత్రం తెరిచి, లాంతరు కొద్దిగా వంచినట్టు తల వంచి చూడాలంటే నా చెయ్యి నిజంగానే నెమ్మదిగా కదలాలి. వణికితే తలుపూ వణుకుతుంది. లోపల చీకటి తప్ప ఏమీ లేకపోయినా సరే, తీసింది నేనే కాబట్టి ఆ చీకటికి బాధ్యత నాదే అన్నట్టు ఉండేది. నాలుగు రోజులు గడిచాక ఒక రాత్రి మంచినీళ్ల కోసం లేచి, మా వంటింటి తలుపుని అచ్చం అలాగే వేలెడంత తోసి, సందులోంచి చూసి, ఆ తర్వాత పూర్తిగా తీశాను. అలా చేశానని లైటు వేశాక గానీ నాకే తట్టలేదు.

డేనియల్ చేతిలో ఆయుధం ఏదీ ఉండదు. కత్తి లేదు, తుపాకి లేదు, చివరిదాకా లేదు. ఉన్నవి రెండే. ఒక లాంతరు, దానికి నూనె కావాలి. కొవ్వొత్తులు, దివిటీలు వెలిగించుకోవడానికి టిండర్‌బాక్స్‌లు, అంటే ఆ కాలపు అగ్గిపెట్టెలనుకోండి. రెండూ కోటలో అక్కడక్కడా సొరుగుల్లో, బల్లల మీద దొరుకుతాయి. ఎన్ని దొరుకుతాయో ముందే తెలియదు.

చీకట్లో ఎక్కువసేపు ఉంటే డేనియల్ మతి చెదురుతుంది. వస్తువులు పెట్టుకునే స్క్రీన్ తెరిస్తే అక్కడ ఒక మెదడు బొమ్మ, పక్కన అతని పరిస్థితి ఒక్క ముక్కలో రాసి ఉంటుంది. బాగున్నప్పుడు మనసు నిర్మలంగా ఉందని, కాస్త చెదిరితే కొద్దిగా తలనొప్పి అని, ఇంకా ముదిరితే తల పగిలిపోతోంది, చేతులు వణుకుతున్నాయి అని. ఆఖరి దశలో మాటలే ఉండవు, మూడు చుక్కలు మాత్రం ఉంటాయి. నేను ఆ మూడు చుక్కల దాకా వెళ్లాను.

ఎందుకంటే నేను పొదుపరిని. గ్యాస్ బండ ఎన్ని రోజులొచ్చిందో క్యాలెండర్ మీద రాసుకునే ఇల్లు మాది. నూనె దొరికితే దాచాను. టిండర్‌బాక్స్ దొరికితే దాచాను. ముందు ముందు ఇంకా పెద్ద చీకటి ఉంటుందేమో, అప్పుడు వాడుకుందామని లాంతరు ఆర్పేసి గోడ పట్టుకుని నడిచాను. కాసేపటికి స్క్రీన్ అలలు అలలుగా ఊగడం మొదలైంది. డేనియల్ ఊపిరి బరువెక్కింది, పళ్లు పటపటలాడిన చప్పుడు. బొద్దింకల్లాంటి పురుగులు నా కళ్ల మీదే పాకుతున్నట్టు స్క్రీన్ మీద పాకాయి. నిజంగా చెయ్యెత్తి మొహం తుడుచుకున్నాను. అతను నేల మీదకి వాలిపోయాడు. అప్పటికి నా దగ్గర పదికి పైగా టిండర్‌బాక్స్‌లు ఉన్నాయి.

తమ్ముడికి ఫోన్ చేసి చెబితే, “వెలిగించుకోవడానికే కదక్కా అవి ఇచ్చింది” అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. “పజిల్ ఒకటి తేలితే వాడి మతి దానంతటదే కుదుటపడుతుంది, గమనించావా?” గమనించలేదు. ఆ మాట విన్నాక ఈ గేమ్ నాకు వేరేగా కనపడింది. చీకట్లో నిలబడిపోతే మతి పోతుంది. ఏదో ఒకటి చేస్తే, ఒక చిక్కు విప్పితే, ముందుకి ఒక అడుగు పడితే మతి తిరిగొస్తుంది. ఇందులో పజిల్స్ భయానికి అడ్డం వచ్చే ఆటంకాలని అప్పటిదాకా అనుకున్నాను. అవి నాకు ఊతకర్రలు.

మొదటి పెద్ద చిక్కు కోట ముందు హాల్లో ఉంది. దారికి అడ్డంగా మాంసం ముద్దలా ఏదో పెరిగిపోయి ఉంటుంది. నీడ వదిలిన జాడ అది. దాన్ని కరిగించడానికి ఆమ్లం తయారు చేయాలి. ప్రయోగశాలలో గాజు సామాను, బర్నర్లు ఉన్నాయి, కావలసిన పదార్థాలు మాత్రం వైన్ సెల్లార్‌లో. ఆ జాబితా చూడగానే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఆక్వా రీజియా, కాలమైన్, క్యూప్రైట్, ఆర్పిమెంట్. నేను తెలుగు మీడియంలో చదివాను. ఆక్వా రీజియాని మేం ద్రవరాజం అని చదువుకున్నాం, బంగారాన్ని కూడా కరిగిస్తుందని మా మాస్టారు చెప్పేవారు. కాలమైన్ జింక్ ఖనిజం, క్యూప్రైట్ రాగి ఖనిజం. ఆర్పిమెంట్ అంటే హరిదళం. 1839 నాటి ప్రష్యా కోటలో ఎవరో రాసుకున్న కాగితం మీద నాకు తెలిసిన పేర్లు. ఆ సెల్లార్‌లోకి దిగడం ఎంత భయమేసినా, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ నాలుగింటి కోసం దిగాను. ఒకటి దొరికింది, ఇంకా మూడు. రెండోది దొరికింది, ఇంకా రెండు. వెనకాల ఏదో మూలిగింది. మూడోది దొరికింది.

పైకొచ్చి జాడీ పెట్టి, అన్నీ అమర్చి, మంట వెలిగించి, ఆమ్లం కారుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఆ గదిలో అది మరిగే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ రెండు నిమిషాలు ఈ గేమ్‌లో నేను గడిపిన అతి ప్రశాంతమైన సమయం.

ఇప్పుడు నీళ్ల సంగతి చెప్పాలి. ఈ గేమ్ ఆడిన ప్రతివాళ్లూ దీని గురించే మాట్లాడతారని తమ్ముడు ముందే అన్నాడు, ఏముంటుందో మాత్రం చెప్పలేదు. అందుకు వాడికి రుణపడి ఉన్నాను.

పాత దస్తావేజులు దాచిన నేలమాళిగ అది. మోకాలి లోతు నీళ్లు. అక్కడక్కడా చెక్కపెట్టెలు తేలుతూ, పేర్చి ఉన్నాయి. నీళ్లలో దిగి నాలుగడుగులు వేశాను. దూరంగా చిల్లున చప్పుడు. చేప ఎగిరిందేమో అన్నట్టు ఉంది. మళ్లీ చప్పుడు, ఈసారి దగ్గరగా. చూస్తే ఎవరూ లేరు. నీళ్ల మీద మాత్రం అడుగు పడ్డట్టు ఒక చింది. దాని పక్కన ఇంకో చింది. అవి నా వైపే వస్తున్నాయి. కాళ్లు లేవు, ఒళ్లు లేదు, అడుగులు మాత్రం ఉన్నాయి.

దాని చేతిలో మూడుసార్లు చచ్చాను. నాలుగోసారి ఒక పెట్టె మీదకి ఎక్కాను. చప్పుడు పెట్టె దగ్గరికి వచ్చింది, చుట్టూ తిరిగింది, ఆగింది. అప్పుడు గమనించాను, నేను నీళ్లలో లేనంతసేపూ దానికి నేను చిక్కను. పెట్టె మీద నించుని ఫ్యాన్ కింద చెమటలు కక్కుతూ ఆ హాలంతా చూశాను. ఈ పెట్టె నుంచి ఆ పెట్టెకి దూకచ్చు. దాని నుంచి అటు మెట్టుకి. ఇది కూడా పజిలే. దెయ్యం అని కాకుండా పజిల్ అని చూసేసరికి నా ఊపిరి మామూలైంది.

ఒకచోట పెట్టెలు అయిపోతాయి. ఎదురుగా ఇనుప గేటు, దాన్ని పైకెత్తడానికి ఒక చక్రం. ఆ చక్రం మౌస్‌తో గుండ్రంగా తిప్పాలి, చాలాసేపు తిప్పాలి, నీళ్లలో నిలబడి తిప్పాలి. నేను తిప్పడం మొదలుపెట్టగానే చిందులు మొదలయ్యాయి. వదిలేసి పరిగెత్తి ఎక్కాను. ఆ పక్కనే తెగిపడిన శరీర భాగాలు ఉన్నాయి, వాటిని ఎందుకు పెట్టారో అప్పటిదాకా తెలియలేదు. చూడ్డానికే మనసొప్పలేదు. ఒకటి తీసి దూరంగా విసిరాను. చిందులు అటు వెళ్లాయి. కొరికే చప్పుడు వినపడింది. ఆ చప్పుడు వినపడినంతసేపు నాకు టైముంది. చక్రం దగ్గరికి వెళ్లి, ఎడమచేత్తో కుర్చీ అంచు పట్టుకుని, కుడిచేత్తో మౌస్ గిరగిరా తిప్పుతూ, చెవులు మాత్రం ఆ కొరుకుడు మీదే పెట్టి నిలబడ్డాను. చప్పుడు ఆగింది. గేటు ఇంకా పూర్తిగా లేవలేదు. వంగి దూరిపోయాను.

తర్వాతంతా పరుగే. వరుసగా తలుపులు, ప్రతి తలుపూ తీయాలి, దాటాలి, వెనక్కి తిరిగి వేయాలి. కంగారులో తోయాల్సింది లాగాను, లాగాల్సింది తోశాను. వెనకాల నీళ్లు ఫెళ్లుమంటున్నాయి, తలుపు బద్దలవుతోంది. చివరి తలుపు దాటి పొడినేల మీద అడుగుపెట్టాక హెడ్‌ఫోన్స్ తీసి చూస్తే టైము ఒంటిగంటన్నర. వీధిలో కుక్క ఒకటి మొరుగుతోంది. ఆ మొరుగుడు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

అప్పుడే తమ్ముడికి మెసేజ్ పెట్టాను, “నీళ్లు దాటాను” అని. వాడు మెలకువగానే ఉన్నాడు. “అక్కా!!!” అని ఒక్కమాట పంపాడు.

హెడ్‌ఫోన్స్ గురించి. ఈ గేమ్ సగం చెవులతో ఆడేది. ఎందుకంటే కోటలో మనల్ని తరిమే వికార జీవులు తిరుగుతుంటాయి, వాటిని నేరుగా చూస్తే కూడా మతి చెదురుతుంది. అలాంటిదొకటి గదిలోకి వచ్చినప్పుడు చేయాల్సింది ఏమిటంటే, లాంతరు ఆర్పేసి, ఒక మూల నక్కి, మొహం గోడకి తిప్పుకోవడం. చూడకుండా వినడం. అడుగులు, మూలుగు, తలుపు మీద దెబ్బలు. తరుముతున్నప్పుడు ఒక రకమైన సంగీతం మొదలవుతుంది, మనం దొరకలేదని అది వెళ్లిపోయాక ఆగుతుంది. సంగీతం మిక్కో టార్మియాది. ఆ సంగీతం ఆగిపోయే క్షణం కోసం నేను ఎంత ఎదురుచూశానో, మా అమ్మాయి పుట్టినప్పుడు ఆపరేషన్ గదిలో దాని మొదటి ఏడుపు కోసం అంత ఎదురుచూశాను. పోలిక పెద్దదే, కానీ అంతే నిజం.

మొదటిసారి అలా అల్మారాలో దాక్కున్న రాత్రి తర్వాత మూడు రోజులు ఆడలేదు. లోపల నిలబడి, తలుపు సందులోంచి కొద్దిగా వెలుతురు పడుతుంటే, బయట అది ముక్కుతో గాలి పీల్చినట్టు చప్పుడు చేస్తూ తిరిగింది. నేనూ ఊపిరి బిగబట్టాను. నా ఊపిరి దానికెలా వినపడుతుంది, నేను రాజమండ్రిలో మా హాల్లో ఉన్నాను. తెలుసు. అయినా బిగబట్టాను. అది వెళ్లిపోయిందని తెలిశాక కూడా అల్మారా తలుపు తీయలేకపోయాను. తీయాల్సింది నేనే, ఇంకెవరూ తీయరు. ఆ రాత్రికి అల్మారాలోనే వదిలేసి ఆపేశాను.

మళ్లీ మొదలుపెట్టించింది లెక్కలే. మూడు రోజుల తర్వాత ధైర్యం చేసి కొనసాగిస్తే, కొన్నాళ్లకి కోట కింద యంత్రాలుండే భాగానికి చేరాను. కిందికి దిగే లిఫ్టు పనిచేయడం లేదు, దాన్ని నడపాలి. కొలిమిలో బొగ్గు వేసి వెలిగించాలి, పళ్లచక్రాలు సరైన సైజువి సరైన చోట బిగించాలి. ఆ పక్కన కంట్రోల్ రూములో వరసగా మీటలు. ప్రతి మీట మీదా రోమన్ అంకె. పైకి తోసినవాటి మొత్తం 8 కావాలి, కిందికి లాగినవాటి మొత్తమూ 8 కావాలి. నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కన మా అమ్మాయి రఫ్ నోట్సు ఉంటే తీసి చివరి పేజీలో అంకెలు రాసుకున్నాను. మొత్తం 16, సగానికి సగం చేయాలి, అంతే. ఏడో తరగతి పిల్లకి ఇచ్చినా చేస్తుంది. కానీ నూనె అయిపోవస్తున్న లాంతరుతో, పైన ఏదో ఈడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు వింటూ చేయడం వేరు. పరీక్ష హాల్లో చేతులు వణికే పిల్లలకి “ముందు తెలిసిన లెక్క ఒకటి చేసెయ్, తర్వాత భయం సంగతి చూద్దాం” అని నేను పదిహేనేళ్లుగా చెబుతున్నాను. ఆ మాట నాకు నేను చెప్పుకోవాల్సి రావడం ఇదే మొదటిసారి. మీటలు పైకీ కిందికీ పెట్టాను. ఇంజిన్ కదిలింది. డేనియల్ మతి కుదుటపడింది, నాదీ.

ఇక్కడి నుంచి కథ మారిపోతుంది. దాని గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే నన్ను ఎక్కువ కదిలించింది రాక్షసాకారాలు కాదు, డేనియల్ డైరీ కాగితాలు. అవి కోటంతా దొరుకుతుంటాయి. అల్జీరియాలో తవ్వకాలకి వెళ్లిన డేనియల్‌కి అక్కడ ఒక గోళం దొరుకుతుంది. అప్పటి నుంచి నీడ వెంటపడుతుంది, తనకి తెలిసినవాళ్లు ఒక్కొక్కరే చనిపోతుంటారు. భయపడి అలెగ్జాండర్ శరణు కోరతాడు. నీడని ఆపాలంటే మనుషుల బాధ నుంచి తీసే ఒక శక్తి కావాలంటాడు ఆయన. కోట కింద చెరసాలలున్నాయి. అందులో ఉన్నవాళ్లు నేరస్థులే అని డేనియల్‌ని నమ్మిస్తాడు. డేనియల్ నమ్ముతాడు. నమ్మడం తనకి అవసరం కాబట్టి నమ్ముతాడు. ఆ గదుల్లోకి నేను వెళ్లాను. అక్కడ ఏ దృశ్యమూ పూర్తిగా చూపించరు, కొరడాలు, బల్లలు, పనిముట్లు ఉంటాయి. దగ్గరికి వెళ్తే అప్పుడు జరిగినవి మాటల్లో, కేకల్లో వినపడతాయి. ఒక గొంతు అలెగ్జాండర్‌ది, నెమ్మదైన గొంతు. ఇంకొకటి డేనియల్‌ది. అంటే నాది. పదిహేను రాత్రులుగా ఎవరి ప్రాణం కాపాడాలని నేను అల్మారాల్లో ఊపిరి బిగబట్టానో, ఆ మనిషిది.

ఆ రాత్రి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. భయం కాదు అది. మొదట్లో ఉత్తరం చదివినప్పుడు, పాపం ఎవరో ఇతని జ్ఞాపకాలు లాగేసుకున్నారనుకున్నాను. కాదు. చేసింది మోయలేక తానే తాగాడు. తప్పు చేసి మర్చిపోయిన మనిషి మీద జాలి పడాలా వద్దా అని నా మనసు ఇంకా తేల్చుకోలేదు. గేమ్ కూడా తేల్చి చెప్పదు, అందుకే నాకు దాని మీద గౌరవం.

చెరసాల భాగం గురించి ఎక్కువ రాయను. చీకటి, ఇరుకు దారులు, ఆ జీవులు ఎక్కువ. నా నూనె పొదుపు అలవాటు అక్కడ కొంత పనికొచ్చింది. అక్కడ చచ్చిన ప్రతిసారీ కాస్త వెనక నుంచి మొదలయ్యేది, ఒకసారి చచ్చిన చోటికి మళ్లీ వెళ్తే ఆ జీవి అక్కడ లేకపోవడం కూడా చూశాను. అది లేదన్న ధైర్యం కంటే, ఇప్పుడెక్కడుందో అన్న టెన్షనే ఎక్కువ.

చివరి గదిలో అలెగ్జాండర్ వెలుగు మధ్యలో, తాను తెరుస్తున్న ద్వారం ముందు ఉంటాడు. ఆ ద్వారాన్ని నిలబెట్టే స్తంభాలు ఉన్నాయి. ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. నేను ఆలోచించలేదు, పరిగెత్తి స్తంభాలు పడదోశాను. అలెగ్జాండర్‌ని నీడ తీసుకుపోయింది. డేనియల్ కోట తలుపు దాటి బయటి వెలుతురులోకి నడిచాడు. పదిహేడో రాత్రి, మూడు కావస్తోంది.

పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేశాను. “ఏ ముగింపు వచ్చింది?” అన్నాడు. ఒకటి కంటే ఎక్కువ ఉంటాయని అప్పుడే తెలిసింది. మూడున్నాయట. “మరి అగ్రిప్పాని ఏం చేశావు?” అన్నాడు.

ఏమీ చేయలేదు. ఆ కోటలో గొలుసులకి వేలాడుతూ, సగం చచ్చి సగం బతికున్న అగ్రిప్పా అనే ముసలాయన ఒకరుంటారు. నాతో మాట్లాడారు, సాయం అడిగారు. ఒక మందు తయారుచేసి ఇమ్మన్నారు, దానికి సరుకులు వెతకాలి. నేను అప్పటికి అలసిపోయి ఉన్నాను, వెనకాల చప్పుళ్లు, నూనె అడుగంటింది. తర్వాత వద్దామనుకుని ముందుకి వెళ్లిపోయాను. తర్వాత అనేది రాలేదు. అన్ని తలుపులు నా చేత్తో తీసిన దాన్ని, ఆయన దగ్గర మాత్రం ఆగలేదు. ఫోన్‌లో వాడికి ఇది చెబుతుంటే గొంతు పట్టేసింది. “గేమేగా అక్కా” అనలేదు వాడు. “మళ్లీ ఆడు” అన్నాడు.

ఈ గేమ్‌ని నడిపించే ప్రోగ్రామ్ కోడ్‌ని తయారుచేసినవాళ్లు 2020లో అందరికీ తెరిచి ఇచ్చేశారని కూడా వాడే చెప్పాడు. నచ్చినవాళ్లు దీనితో సొంత కోటలు, సొంత కథలు కట్టి పంచుకుంటున్నారట, విడుదలైన కొత్తల్లోనే అది మొదలైందట. వాటి జోలికి నేనింకా పోలేదు.

మొన్న మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి మందు సరుకులు ఎక్కడెక్కడ దొరుకుతాయో రాసుకోవడానికి రఫ్ నోట్సులో ఒక పేజీ వదిలాను. హాల్లో ట్యూబ్‌లైట్ ఆర్పేశాను, వెలుతురు బొమ్మ కనీకనిపించనంతే పెట్టాను. సెల్లార్ దాటాను, నీళ్ల దగ్గర ఒక్కసారే చచ్చాను. మా అమ్మాయి జూన్ 10కి వస్తుంది. ఆలోపు అగ్రిప్పా దగ్గరికి చేరాలి.